బాగున్నదాన్ని బాగుచేసే శాస్త్రం

సంక్రాంతి నెల రోజుల్లో ఉందనగా హైదరాబాద్‌లో కార్లకు ఉన్నట్టుండి ఒంట్లో నలత మొదలవుతుంది. నిన్నటిదాకా కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి కిక్కురుమనకుండా తిరిగిన బండి, సర్వీస్ సెంటర్ ర్యాంపు ఎక్కిన అరగంటకే ఆఖరి ఘడియల్లో పడుతుంది. ఇంజన్‌లో మడ్డి పేరుకుందట. ఇంజెక్టర్లు మూసుకుపోతున్నాయట. థ్రాటిల్ బాడీకి మసి పట్టిందట. ప్లగ్గులు వీకయ్యాయట. బెల్టు కొంచెం డౌటేనట. ఇంతకీ మీరు చేయించమన్నది ఆయిల్ మార్పిడి.

అప్పుడు ఫోన్ మోగుతుంది. అవతల సర్వీస్ అడ్వైజర్.

"సార్, పండక్కి ఊరెళ్తున్నారా?"

"వెళ్తున్నామండీ."

"ఫ్యామిలీతోనేనా సార్?"

ఈ రెండో ప్రశ్నకు మీరు అవునన్నారంటే ఎస్టిమేటు అక్కడికక్కడే రెట్టింపయినట్టు లెక్క. "విజయవాడ రూటా సార్? కొర్లపహాడ్ టోల్‌గేటు దాటాక అర్ధరాత్రి ఆగిపోయిందనుకోండి, చంటిపిల్లలతో రోడ్డు మీద... అమ్ముకోవడానికి చెప్పట్లేదు సార్. ప్రివెంటివ్‌గా చేయించేసుకుంటే బెటరని. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?"

వాట్సాప్‌లో ఎస్టిమేటు దిగుతుంది. కింద ‘అప్రూవ్’ అని పచ్చరంగు బటన్. ‘ఎందుకు?’ అని అడిగే బటన్ మాత్రం ఆ యాప్‌లో ఎవరూ పెట్టలేదు.

ముందుజాగ్రత్తగా పార్టు మార్చడం తప్పని ఎవరూ అనరు. ఇంజన్‌లో కొన్ని పార్టులు చెడేదాకా ఆగితే కొంపలు మునుగుతాయి. మిగతావి, అంటే చాలావాటికి, చెడే సూచన కనిపించేదాకా చెయ్యి పెట్టకపోవడమే మర్యాద. ఏది ఏ జాతిదో కనిపెట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. కానీ మన దగ్గర ఆ నిర్ణయం పార్టు అరుగుదలను బట్టి జరగదు, నెలాఖరు టార్గెట్‌ను బట్టి జరుగుతుంది. ఇరవై ఎనిమిదో తారీఖున సర్వీసింగ్‌కు వెళ్లిన ఇంజన్, మూడో తారీఖున వెళ్లిన ఇంజన్ కంటే ఎప్పుడూ ఎక్కువ జబ్బు మీదుంటుంది.

ఈ శాస్త్రానికి ఓటమన్నది లేదు. మార్చాక బండి ఆగలేదా? చూశారా, మార్చబట్టే ఆగలేదు. మార్చినా ఆగిందా? పక్కనున్నది కూడా మార్చమన్నాం, మీరే వద్దన్నారు. అసలేమీ మార్చకపోయినా నిక్షేపంగా నడుస్తోందా? ఏదో మీ అదృష్టం సార్, ఎన్నాళ్లని నమ్ముకుంటారు? ఏ దారిన పోయినా చివరికి క్యాష్ కౌంటర్ దగ్గరే తేలే తర్కం ఇది. మన తార్కికులెవరూ ఇంత దూరం రాలేకపోయారు.

సరే, శాస్త్రం పక్కన పెట్టి ఇంజన్ బానెట్ ఎత్తుదాం.

ముందుజాగ్రత్త అన్నమాటకు నిజంగా అర్హత ఉన్న పార్టు ఒకటుంది. పేరు టైమింగ్ బెల్టు. ఇంజన్‌లో కింద క్రాంక్‌షాఫ్ట్, పైన క్యామ్‌షాఫ్ట్. కిందది రెండు చుట్లు తిరిగితే పైది కచ్చితంగా ఒక చుట్టు తిరగాలి. బండి 3000 ఆర్‌పీఎం మీద పోతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. చాలా ఇంజన్లలో వాల్వు దిగే చోటికే పిస్టన్ కూడా పైకి వస్తుంది. ఇద్దరూ ఒకే క్షణంలో అక్కడ ఉండకూడదు. ఆ వేళలు తప్పకుండా చూసేది కొన్ని ఇంజన్లలో ఇనుప చైన్, కొన్నింట్లో పళ్లున్న రబ్బరు బెల్టు.

బెల్టు తెగిందా, క్యామ్ ఆగిపోతుంది. క్రాంక్ ఊపు మీదుంటుంది కాబట్టి ఆగదు. పిస్టన్ పోయి తెరిచి ఉన్న వాల్వును గుద్దుతుంది. వాల్వులు వంగుతాయి. హెడ్డు దించాలి. వాల్వులు, గైడ్లు, హెడ్ గాస్కెట్ మార్చాలి, గ్రహచారం బాగాలేకపోతే పిస్టన్లు కూడా. కొన్ని వేలతో పోయేది ఇంజన్ సగం ఖరీదు దాకా వస్తుంది. పైగా ఈ బెల్టు చెప్పి తెగదు. చాలాసార్లు చప్పుడు చెయ్యదు, లైటు వెలగదు, మైలేజీ తగ్గదు. తెగే ముందు నిమిషం దాకా బుద్ధిగా పనిచేస్తుంది. బండి నడవకుండా షెడ్డులో పడున్నా రబ్బరు వయసు ఆగదు. అందుకే కంపెనీ కిలోమీటర్లు, ఏళ్లు రెండూ రాసి, ఏది ముందొస్తే అప్పుడే మార్చమంటుంది. ఎంతకు మార్చాలన్నది ఇంజన్‌ను బట్టి మారుతుంది కాబట్టి పక్కింటాయన బండి లెక్క మీ బండికి పనికిరాదు.

ఆ పని ఎలాగూ చేస్తున్నప్పుడు టెన్షనర్, ఐడ్లర్ పుల్లీ, బెల్టుతోనే తిరిగే రకమైతే వాటర్ పంపు కూడా మార్చెయ్యడం తెలివి. ఎందుకంటే అసలు ఖర్చు బెల్టుది కాదు, దాని దాకా చేరడానికి ఊడదీసే కూలిది. రేపు పంపు కారితే మళ్లీ అంతా విప్పాలి, మళ్లీ అంత కూలీ కట్టాలి. పాడవని పార్టును మార్చడానికి ఇంతకంటే న్యాయమైన కారణం ఉండదు.

ఇక విచిత్రం చూడండి. ఇంత ముఖ్యమైన పార్టు గురించి పండుగ ఆఫర్ల కరపత్రాల్లో ఒక్క ముక్క ఉండదు. అక్కడుండేది ఇంజన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, డీకార్బనైజేషన్, ఏసీ డిసిన్ఫెక్షన్. బెల్టు మార్చాలంటే చెయ్యి తిరిగిన మెకానిక్ ఒక పూట వంచిన నడుం ఎత్తకూడదు. ఫ్లష్‌కు కుర్రాడు డబ్బా మూత తీసి పాత ఆయిల్‌లో పోసి, పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి దించేస్తే సరిపోతుంది. ఇంజన్ ఆయిల్‌లో మడ్డిని కరిగించి తేలగట్టే రసాయనాలు తయారీలోనే కలిపి ఉంటాయి. వేళకు ఆయిల్, ఫిల్టర్ మారుస్తూ వచ్చిన ఇంజన్‌కు ఆ డబ్బా దేనికో దాని మీద చిన్నక్షరాల్లో కూడా రాసి ఉండదు.

బెల్టు అనగానే ఒక చిన్న పరీక్ష పెట్టండి. "నా ఇంజన్‌ది టైమింగ్ బెల్టా, చైనా?" అని అడగండి. రెనో డస్టర్‌లో వచ్చిన 1.5 లీటర్ల డీజిల్‌ది బెల్టు. మారుతి కె సిరీస్ పెట్రోల్ ఇంజన్లది చైన్. స్విఫ్ట్‌లో ఏళ్ల తరబడి వచ్చిన 1.3 లీటర్ల ఫియట్ డీజిల్‌దీ చైనే. చైన్‌కు ఇన్ని కిలోమీటర్లకు మార్చాలన్న గడువు మామూలుగా ఉండదు. ఆయిల్ సరిగ్గా మారిస్తే చాలు, సాగితే అదే గలగలమని అరిచి చెబుతుంది. ఈ ప్రశ్నకు "సిస్టమ్‌లో చూసి చెప్తాను సార్" అని జవాబొస్తే, ఆ సిస్టమే మీ బెల్టు డౌటని ఐదు నిమిషాల క్రితం ఎలా కనిపెట్టిందో కూడా అడగండి. చాలాసార్లు ఆ డౌటంతా ఆల్టర్నేటర్‌ను తిప్పే బయటి బెల్టు మీద. దాని పగుళ్లు టార్చిలైటు వేస్తే కంటికే కనబడతాయి. పగుళ్లుంటే మార్చాలి, లేకపోతే లేదు. దీనికి ఫ్యామిలీని మధ్యలోకి లాగక్కర్లేదు.

అన్నీ ముందే మార్చేస్తే బండి ఎక్కువ భద్రంగా ఉంటుందన్నది వినడానికి బాగుంటుంది. గాల్లో ఎగిరేవాళ్లు కూడా ఒకప్పుడు అలాగే నమ్మారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కోస్టల్ కమాండ్ విమానాల రికార్డులు తిరగేస్తే ఒక వింత బయటపడింది. రిపేర్లు సర్వీసింగ్ అయిన వెంటనే పెరుగుతున్నాయి, ఎగిరేకొద్దీ తగ్గుతున్నాయి. మళ్లీ సర్వీసింగ్, మళ్లీ రిపేర్లు. శాస్త్రవేత్త వాడింగ్టన్ దీన్ని తర్వాత గ్రంథస్థం చేశాడు కాబట్టి ఆయన పేరే దానికి నిలిచిపోయింది. ఇంగ్లండులో దాన్ని కనిపెట్టడానికి ఒక యుద్ధం కావాల్సి వచ్చింది. మనవాళ్లు కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఎప్పుడో తేల్చేశారు.

ఆ తర్వాత యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నౌలన్, హీప్ 1978లో అమెరికా రక్షణ శాఖకు ఒక నివేదిక ఇచ్చారు. వాళ్లు చూసిన విమాన భాగాల్లో 89 శాతానికి ఇంత వయసు రాగానే మార్చెయ్యాలన్న గడువు పెట్టి లాభం లేదని తేలింది. వయసు మీదపడి చెడేవి 11 శాతమే. మూడింట రెండొంతులు కొత్తగా బిగించిన తొలిరోజుల్లోనే ఎక్కువ మొరాయిస్తున్నాయి. డీసీ-8 విమానంలో 339 భాగాలను గడువు ప్రకారం దించి ఓవర్‌హాల్ చేసేవారు. డీసీ-10 వచ్చేసరికి ఆ జాబితా 7కి దిగింది.  ముప్పై వేల అడుగుల ఎత్తున వందలమందిని మోసే యంత్రానికి 7 సరిపోయాయి. నేల మీద నలుగురిని మోసే మన హ్యాచ్‌బ్యాక్‌కు మాత్రం ఒక్క సర్వీసింగ్‌లో 11 పార్టులు ‘రికమండెడ్’.

విమానం లెక్క కారుకు అచ్చంగా సరిపోదు, నిజమే. టైరు, బ్రేక్ ప్యాడ్, రబ్బరు బెల్టు వంటివి వయసుతో అరిగే జాతివి. వాటిని ముందే మార్చాలంటే ఆ నివేదిక తర్కమూ ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది ఎలక్ట్రానిక్ సెన్సర్‌నూ, ఇంజెక్టర్‌నూ, ఆల్టర్నేటర్‌నూ అదే గాటన కట్టడాన్ని.

విప్పితే ఏమవుతుందో షెడ్డులో కాసేపు నిలబడితే కనిపిస్తుంది. ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టును ఉత్సాహవంతుడైన కుర్రాడు బలమంతా పెట్టి బిగిస్తే అల్యూమినియం సంప్‌లో మరలు చెడతాయి. ఆ తర్వాత బండి నిలబెట్టిన చోటల్లా నల్లచుక్క. కూలెంట్ మార్చి గాలి సరిగ్గా తియ్యకపోతే, ఎన్నడూ వేడెక్కని ఇంజన్ ఇంటికి చేరేలోపే సూదిని ఎర్రగీత దాకా తీసుకెళ్తుంది. కామన్‌రైల్ డీజిల్‌లో ఇంజెక్టర్లకు అందే ప్రెజర్ వెయ్యి బార్‌లు దాటగలదు. వాటి రంధ్రాలు వెంట్రుకంత. చక్కగా ఉన్న పైపును విప్పి, పక్కన గ్రైండర్ తిరుగుతున్న షెడ్డులో మూత లేకుండా పెడితే చాలు, నలుసంత దుమ్ము మిగతా పని చూసుకుంటుంది. లక్ష కిలోమీటర్ల దాకా నడిచే ఇరిడియం ప్లగ్గును ముందుజాగ్రత్తగా తీసి, వైరు బ్రష్షుతో బరబర గీకి మళ్లీ బిగించేవాళ్లున్నారు. దాని కొసనున్న ఇరిడియం మిల్లీమీటరైనా మందం లేని ముక్క. గీకింది మసిని కాదు, ప్లగ్గు ఆయుష్షును. బిల్లులో మాత్రం దాని పేరు ‘స్పార్క్ ప్లగ్ సర్వీస్’.

అన్ని పాపాలూ షోరూముకే కడితే షెడ్డు మేస్త్రి నవ్వుకుంటాడు. ఆయన శాస్త్రం దీనికి తిరగేసింది. "బెల్టా? ఇంకో ఇరవై వేలు తిరుగుద్ది సార్, నాదీ గ్యారంటీ." ఆ గ్యారంటీ కాగితం మీద ఉండదు, ఆయన భుజం మీది ఎర్రగుడ్డ మీద ప్రమాణం. వాల్వులు వంగిన రోజున కూడా ఆ హెడ్డు దించేది ఆయనే, ఆ పని కూలీ తీసుకునేదీ ఆయనే. ఒకాయన మార్చకూడనిది మార్చి బతుకుతాడు, ఇంకొకాయన మార్చాల్సింది మార్చకుండా బతుకుతాడు. మధ్యలో నలిగే బండి మాత్రం మనది.

ఇక ఓనర్ల సంగతి. మన అంత గొప్ప ముందుజాగ్రత్తపరులు భూమండలం మీద లేరు. బండి ఇంటికి రాగానే చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు స్వస్తిక్, అద్దానికి దిష్టి తాడు. ఆ వారంలోనే సీటు కవర్లు, 7డి మ్యాట్లు, డోరు అంచులకు క్రోమ్ పట్టీలు. వీటికి ఎస్టిమేటు అడగం, సెకండ్ ఒపీనియన్ తీసుకోం. అదే ఆరేళ్ల తర్వాత టైమింగ్ బెల్టు గడువు వచ్చిందని చెబితే మాత్రం మనలోని ఆర్థికవేత్త లేచి కూర్చుంటాడు. "బండి నడిచిందే నలభై వేలు కదా?" "యూట్యూబ్‌లో ఒకాయన లక్షన్నర దాకా ఏం కాదన్నాడు." "ఎలాగూ అమ్మేద్దామనుకుంటున్నాం." ఈ చివరి మాట అన్నిటికంటే పుణ్యకార్యం. గడువు దాటిన బెల్టును ఊరూపేరూ తెలియని కొనుగోలుదారుడికి, కొత్త సీటు కవర్లతో సహా అప్పగించడం. అందుకే సెకండ్‌హ్యాండ్‌లో బెల్టు ఇంజన్ బండి కొన్నవాళ్లు, మార్చినట్టు బిల్లు చూపించకపోతే, ముందు బెల్టు మార్పించుకోవాలి. దిష్టి తాడు తర్వాతైనా కట్టుకోవచ్చు.

ఈ నిర్ణయాలన్నీ తీసుకోవడానికి కావాల్సిన పుస్తకం ఏ గ్రంథాలయంలోనో లేదు. డాష్‌బోర్డు అరలో ఉంది. పార్కింగ్ చీటీలు, ఇన్సూరెన్స్ జిరాక్సు, తిరుపతి కుంకుమ పొట్లం తీస్తే వాటి కింద, ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా. అందులో మెయింటెనెన్స్ పట్టిక ఒకటుంటుంది. ఎడమవైపు పార్టు పేరు, పైన కిలోమీటర్లు, నెలలు, గడుల్లో అక్షరాలు. చాలా కంపెనీల పట్టికల్లో ‘ఐ’ ఉంటే తనిఖీ, ‘ఆర్’ ఉంటే మార్పు. ఐ ఉన్నచోట చూసి, అవసరమైతేనే ముట్టుకోవాలి. మన దగ్గర ర్యాంపు ఎక్కిన ‘ఐ’ దిగేలోపు ‘ఆర్’ అయిపోతుంది. ఆ పక్క పేజీలోనే కఠిన పరిస్థితుల పట్టిక అని ఇంకొకటుంటుంది. దుమ్ము రోడ్లు, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్, నాలుగు కిలోమీటర్ల ప్రయాణాలు. అమీర్‌పేట సిగ్నళ్ల దగ్గర సగం జీవితం గడిపే బండి అందులోకే వస్తుంది. అలాంటి బండికి ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ కాస్త ముందే మార్చడం నిజమైన జాగ్రత్త. కానీ అది చౌక పని. చౌక పనికి పచ్చ బటన్ రాదు.

పార్టులు ఖరీదుగా ఉండటం వెనక, బయట మార్కెట్లో అవి దొరక్కుండా కంపెనీలు చూసుకున్న చరిత్ర కూడా ఉంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద మొత్తం రూ.2,544.65 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు, పరీక్షించే పరికరాలు స్వతంత్ర మెకానిక్కులకు అందనివ్వట్లేదన్నది అభియోగం. కంపెనీలు ఊరుకోలేదు, అప్పీళ్లకు వెళ్లాయి. తమ జేబు మీదికి వచ్చిన రిపేరు అక్కర్లేదని వాదించడానికి వాళ్లు పెద్ద లాయర్లను పెట్టుకున్నారు. మన జేబు మీదికి వచ్చినప్పుడు మనం కనీసం ‘ఎందుకు’ అని కూడా అడగం.

అడగాల్సినవి మూడే ముక్కలు. ఈ పార్టు వయసుతో అరిగేదా, లేక ఎప్పుడు చెడుతుందో ఎవరూ చెప్పలేనిదా? చెడితే అదొక్కటే పోతుందా, ఇంజన్‌ను కూడా వెంట తీసుకుపోతుందా? దాని దాకా చేరడానికి విప్పాల్సిందంతా ఇప్పటికే విప్పి ఉందా? అరిగేదై, పోతే ఇంజన్‌ను ముంచేదైతే గడువుకు మార్చాలి, బేరం పెట్టకూడదు. విప్పి ఉన్నచోట పక్కనున్న వయసైన పార్టును కూడా పనిలో పనిగా మార్చాలి. ఈ లెక్కలో పడనిదాన్ని, పాడైన సూచన కనబడేదాకా, దాని మానాన దాన్ని బతకనివ్వాలి. ఆల్టర్నేటర్ పోతే బండి ఆగుతుంది, టో వ్యాన్ వస్తుంది. చిరాకే, కానీ ఇంజన్ ఉంటుంది. ఆ చిరాకుకు భయపడి ప్రతి ఏడూ బాగున్న పార్టులకు కట్టే డబ్బుతో చిల్లకల్లు టోల్‌గేటు పక్కన హోటల్‌లో గది తీసుకుని ఫ్యామిలీతో సహా హాయిగా పడుకోవచ్చు.

ఇవన్నీ గుర్తుండకపోతే ఒక్క పని చెయ్యండి. ఈసారి ఫోన్ మోగినప్పుడు తగువు పడకండి, లెక్చర్ ఇవ్వకండి. "చాలా సంతోషమండీ. మార్చాల్సిన ప్రతి పార్టు ఎదురుగా అందులో ఉన్న లోపమేమిటో, పట్టికలో దాని గడువు ఎన్ని కిలోమీటర్లో, ఇప్పుడు మార్చకపోతే ఎన్నాళ్లలో పోతుందో జాబ్‌కార్డు మీద రాసి, కింద మీ పేరుతో సంతకం పెట్టండి. తీసిన పాత పార్టులు డిక్కీలో పెట్టించండి" అని చెప్పండి. ఆ సంతకం అడిగిన క్షణాన, ఆఖరి ఘడియల్లో ఉన్న ఇంజెక్టర్లు లేచి కూర్చుంటాయి. ప్లగ్గులకు జవసత్వాలు వస్తాయి. ఎస్టిమేటులోని రోగుల్లో చాలామంది మందూ మాకూ లేకుండానే డిశ్చార్జి అవుతారు. ఎవరి పేరు ఎదురుగా సంతకం పడిందో వాళ్లకు మాత్రం, ఒక్క రూపాయి బేరమాడకుండా, ఆ పూటే వైద్యం చేయించండి.